రాయికి తొందర లేదు, ఫెలోషిప్‌కి గడువుంది

తిరుపతి నుంచి తిరుమల వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన, కొండను కోసిన ఒక చోట రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. మధ్యలో ఉన్నది ఒక గీత మాత్రమే. తెలియనివాళ్లు బస్సులో దాని పక్క నుంచే వెళ్లిపోతారు. కానీ ఆ గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైందని భూవిజ్ఞానుల లెక్క. కింది రాయి పుట్టి, పైకి లేచి, గాలికీ నీటికీ అరిగి, దాని మీద మళ్లీ ఇసుక పేరుకోవడం మొదలయ్యేదాకా గడిచిన కాలం అది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పిలిచే ఈ చోటును జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

ఇలాంటి కాలాన్ని చదవడానికి పీహెచ్‌డీ స్కాలర్ చేతికి వచ్చేది ఐదేళ్లు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) రెండేళ్లు, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) మూడేళ్లు. భూగ్రహ శాస్త్రాల్లో తొలి అడుగులు వేస్తున్నవాళ్ల కష్టాల గురించి మాట్లాడితే ఎక్కువగా డబ్బు దగ్గరో, ఉద్యోగాల దగ్గరో మాట ఆగిపోతుంది. అవి రెండూ నిజమే. కానీ వాటికి వెనక ఇంకొకటి ఉంది. ఫెలోషిప్ నడిచే కాలం వేరు, ఫీల్డ్ సీజన్ నడిచే కాలం వేరు, ల్యాబ్‌లో మెషీన్ దొరికే కాలం వేరు, అంతరిక్ష నౌక గ్రహాన్ని చేరే కాలం వేరు. ఈ కాలాలు ఒకదానితో ఒకటి కలవవు. కలవని ప్రతిచోటా నష్టపోయేది అప్పుడే చేరిన స్కాలరే.

ముందు ఫీల్డ్ సంగతి. కడప, కర్నూలు, అనంతపురం వైపు రాళ్ల మీద పనిచేసేవాళ్లకు అసలైన సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మహా అయితే మార్చి మొదటి వారాల దాకా. ఆ తర్వాత బండల మీద నిలబడలేనంత ఎండ. వానలు మొదలయ్యాక పొదలు పెరిగి అవుట్‌క్రాప్ (నేల పైకి తేలిన రాయి) కనపడదు, వాగులు దాటడం కష్టం, పాముల భయం. కాబట్టి ఐదేళ్లంటే నిజానికి ఐదు సీజన్లు. అందులో మొదటిది కోర్స్ వర్క్‌లో పోతుంది, ఆఖరిది థీసిస్ రాయడంలో పోతుంది. చేతిలో మిగిలేవి మూడు. ఆ మూడింట్లో ఒకదానికి ఫీల్డ్ అడ్వాన్స్ ఫైలు జనవరి దాకా టేబుళ్లు తిరుగుతూ ఉండిపోయిందంటే, పోయింది నెల కాదు, ఏడాది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో రసాయనం రావడం రెండు నెలలు ఆలస్యమైతే రెండు నెలలే పోతాయి. జియాలజీలో అదే రెండు నెలల ఆలస్యం పన్నెండు నెలలకు సమానం. ఈ తేడాను ఏ ఫెలోషిప్ నిబంధనా లెక్కలోకి తీసుకోదు.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూడాలి. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000 రూపాయలు అయింది. అంతకుముందు 31,000, 35,000 ఉండేవి. హెచ్ఆర్ఏ విడిగా వస్తుంది. ఇది నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవాళ్ల మాట. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్‌-నెట్ ఫెలోషిప్ మీద ఉన్నవాళ్లకు వచ్చేది నెలకు 8,000 రూపాయలు. సీఎస్ఐఆర్ ఫెలోషిప్‌లో ఖర్చుల కోసం ఇచ్చే కంటింజెన్సీ ఏడాదికి 20,000. పులివెందుల వైపో, నల్లమల అంచుల్లోనో పది రోజులు జీపు మాట్లాడుకుని, లాడ్జిలో ఉండి, వంద కిలోల రాళ్లు పార్సిల్ చేసి పంపితే ఆ 20,000 ఎంతవరకు వస్తుందో ఫీల్డ్‌కి వెళ్లినవాళ్లకు తెలుసు. గైడ్‌కి ప్రాజెక్టు ఉంటే గట్టెక్కుతారు. లేకపోతే స్టైపెండ్‌లోంచి పెట్టుకుని, బిల్లులు దాచుకుని, తర్వాత ఎప్పుడో వస్తుందని చూస్తుంటారు.

ఫీల్డ్‌లో సుత్తి పట్టుకుని నిలబడ్డవాళ్ల దగ్గరికి ఊళ్లోవాళ్లు తప్పకుండా వస్తారు. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "బోరు ఎక్కడేస్తే నీళ్లు పడతాయి సార్?" రెండోది, "ఇక్కడ ఏమైనా ఖనిజం ఉందా?" ఈ రెండో ప్రశ్న వెనక ఆశ ఉంటుంది, భయమూ ఉంటుంది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా పెద్ద ఆందోళన జరిగింది. అలాంటి ప్రాంతంలో రాళ్లు కొడుతూ తిరిగే కొత్త మనిషిని అనుమానంగా చూడటంలో ఆ ఊరి తప్పేం లేదు. తాను ఎవరో, ఎందుకొచ్చాడో, రాయి తీసుకెళ్లి ఏం చేస్తాడో తెలుగులో విడమరిచి చెప్పగలగడం ఈ పనిలో సగం. సిలబస్‌లో దానికి చోటు లేదు. గైడ్ నేర్పితే వస్తుంది, లేకపోతే ఒకటి రెండు సార్లు వెనక్కి తిరిగొచ్చాక వస్తుంది.

రాళ్లు యూనివర్సిటీకి చేరాక రెండో కాలం మొదలవుతుంది. ఒక రాయి వయసు కట్టాలంటే ఏం చేయాలో చూస్తే ఇది అర్థమవుతుంది.

గ్రానైట్ లాంటి రాయిలో జిర్కాన్ అనే ఖనిజం చిన్న చిన్న గింజలుగా ఉంటుంది. ఒక్కో గింజ పొడవు ఎక్కువగా మిల్లీమీటర్లో పదో వంతు. అది గట్టి ఖనిజం, కొండలు కరిగి మట్టయిపోయినా తాను మిగులుతుంది. పుట్టేటప్పుడు కొంచెం యురేనియాన్ని లోపలికి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం-238లో సగం చివరికి సీసంగా మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇప్పుడు గింజలో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిస్తే వయసు తెలుస్తుంది. పుస్తకంలో ఇది ఒక పేజీ.

చేతితో చేస్తే నెలలు. ముందు మూడు నుంచి ఐదు కిలోల రాయిని తీసుకుని, పైన ఎండకు మాగిన తోలు లాంటి పొరను సుత్తితో కొట్టేసి, లోపలి తాజా ముక్కల్ని మాత్రమే క్రషర్‌లో వేయాలి. ఒక శాంపిల్ అయ్యాక క్రషర్ పళ్లను బ్రష్‌తో, గాలితో, ఎసిటోన్‌తో తుడిచి, మళ్లీ తుడవాలి. ముందు వేసిన రాయి తాలూకు గింజ ఒక్కటి అక్కడ చిక్కుకుని ఇందులో కలిసిందంటే, వంద కోట్ల ఏళ్ల రాయిలో రెండు వందల యాభై కోట్ల ఏళ్ల గింజ దొరుకుతుంది. అది గొప్ప ఆవిష్కరణో, సరిగ్గా తుడవకపోవడమో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకే కొత్త స్కాలర్‌కి సీనియర్ మొదట నేర్పేది మెషీన్ తుడవడమే. పొడిని జల్లెడ పట్టి, నీళ్లలో కడిగి, తేలికైన గింజల్ని పోగొట్టి, అయస్కాంతంతో ఇనుము ఉన్నవాటిని తీసేసి, మిగిలిన దాన్ని బ్రోమోఫామ్ లాంటి బరువైన ద్రవంలో వేస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పైకి తేలతాయి, జిర్కాన్ అడుక్కి దిగుతుంది. బ్రోమోఫామ్ విషం. ఫ్యూమ్ హుడ్ సరిగా పనిచేయని ల్యాబ్‌లో ఈ పని చేయించకూడదు.

అడుక్కి దిగినదాన్ని మైక్రోస్కోప్ కింద పోసి, సూది మొనతో ఒక్కో గింజను ఏరి, జిగురు టేపు మీద వరుసగా పెట్టాలి. వందో, నూట యాభయ్యో. ఊపిరి గట్టిగా వదిలితే గింజ ఎగిరిపోతుంది. మెడ పట్టేస్తుంది. మొదటి రోజు ఇరవై గింజలు ఏరితే గొప్ప. తర్వాత వాటిని ఎపాక్సీ జిగురులో పోతపోసి, గింజల నడుము బయటపడేదాకా అరగదీసి, లోపలి పొరల ఫొటోలు తీసి, ఏ పొర మీద లేజర్ కొట్టాలో గుర్తు పెట్టుకోవాలి. ఇదంతా అయ్యాక మెషీన్ మీద పని ఒక రోజో రెండు రోజులో. ఒక్కోసారి ఐదు కిలోల రాయి పిండి చేసినా ఒక్క జిర్కాన్ రాదు. నల్లరాయి అని మనం పిలిచే డోలరైట్ డైకుల్లో, అంటే పగుళ్లలోకి శిలాద్రవం చొరబడి గట్టిపడిన గోడల్లాంటి రాళ్లలో, ఇది మామూలే. అందులో బాడెలియైట్ అనే మరో ఖనిజం వెతకాలి, అది ఇంకా చిన్నది.

ఆ ఒకటి రెండు రోజుల మెషీన్ టైమ్ కోసమే అసలు ఎదురుచూపు. ఇలాంటి పరికరాలు దేశంలో లెక్కపెట్టగలిగినన్ని చోట్లే ఉన్నాయి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్లో భూవిజ్ఞాన శాఖ సాయంతో జాతీయ జియోక్రోనాలజీ కేంద్రం పెట్టారు. అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది, హైదరాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఉంది, ఇంకొన్ని ఐఐటీలూ సంస్థలూ ఉన్నాయి. స్లాట్ అడగాలి, రావాలి, వచ్చినరోజు మెషీన్ బాగుండాలి. పులివెందుల దగ్గరి మాఫిక్ సిల్ (పొరల మధ్యకు శిలాద్రవం చొరబడి గట్టిపడిన నల్లరాయి పలక) వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లని, తేడా ఉంటే అటూ ఇటూ 30 లక్షల ఏళ్లేనని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. కడప బేసిన్ (ఆ ప్రాంతపు రాతి పొరలు పేరుకున్న పల్లం) ఎంత పాతదన్న వాదనకు అది గట్టి ఆధారమైంది. రాయి మన ఊరిది, వయసు కట్టింది కెనడా ల్యాబ్‌లో. అప్పటికంటే ఇప్పుడు దేశంలో సౌకర్యాలు పెరిగాయి, అందులో సందేహం లేదు. కానీ చిన్న యూనివర్సిటీ స్కాలర్‌కి ఆ తలుపు దాకా దారి ఇప్పటికీ గైడ్ పరిచయాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. ఇది మారాలి. ప్రతి జాతీయ కేంద్రం తన మెషీన్ రోజుల్లో కొన్ని బయటి యూనివర్సిటీల మొదటి మూడేళ్ల స్కాలర్లకే కేటాయించి, ఎవరికి ఎప్పుడు ఇచ్చిందీ బయటపెడితే చాలా టెన్షన్ తగ్గుతుంది.

గ్రహాల మీద పనిచేసేవాళ్లకు ఫీల్డ్ సీజన్ బాధ తక్కువ. వాళ్ల గడియారం ఇంకా పెద్దది. శని గ్రహపు చందమామ టైటన్ మీదికి నాసా పంపే డ్రాగన్‌ఫ్లై మిషన్ 2019లో ఎంపికైంది. ప్రయోగం 2028లో, చేరడం 2034లో అని ప్రణాళిక. 2019లో పీహెచ్‌డీలో చేరిన మనిషి ఆ మిషన్ నేల కూడా వదలకముందే పట్టా తీసుకుని, రెండు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) కూడా ముగించి ఉంటాడు. 2006 జనవరిలో బయలుదేరిన న్యూ హొరైజన్స్ 2015 జులైలో ప్లూటో పక్క నుంచి దూసుకెళ్లింది. తొమ్మిదిన్నరేళ్ల ప్రయాణం, అతి దగ్గరగా చూసింది కొన్ని గంటలు. ఒక మిషన్‌ను నమ్ముకుని కెరీర్ మొదలుపెట్టడం అంత తేలికైన నిర్ణయం కాదు. 2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్‌-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగలేకపోయిన రాత్రి దేశమంతా బాధపడింది. ఆ ల్యాండర్ పరికరాల డేటా మీద థీసిస్ రాయాలనుకున్నవాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. వాళ్లకు మరుసటి నెల కూడా ఫెలోషిప్ గడియారం ఆగలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2023 ఆగస్టు 23న చంద్రయాన్‌-3 దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ మీద ఉన్న, నేలలోని మూలకాల్ని కొలిచే ఏపీఎక్స్ఎస్ పరికరాన్ని తయారు చేసింది ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ. రోవర్ దాదాపు 103 మీటర్లు నడిచి, 23 చోట్ల నేలను కొలిచింది. ఆ నేలలో ఫెర్రోన్ అనార్థోసైట్ రకం రాయి (ఎక్కువగా ఫెల్డ్‌స్పార్‌తో ఏర్పడే లేత రంగు రాయి) ఎక్కువని, తొలినాళ్లలో చంద్రుడి మీద శిలాద్రవపు సముద్రం ఉండేదన్న వాదనకు ఇది బలమిస్తోందని 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చింది. రెండు వారాలకు మించని పని నుంచి అంత ఫలితం రావడానికి వెనక ఏళ్ల తరబడి పరికరాన్ని ప్రయోగశాలలో తెలిసిన రాళ్ల మీద పెట్టి అంకెలు సరిచూసుకున్న శ్రమ ఉంది. చంద్రుడి నేలలాంటి మట్టి కోసం ఇస్రో తమిళనాడులోని సిత్తంపూండి అనార్థోసైట్‌ను పిండి చేసి వాడుకుంది. అంటే నామక్కల్ జిల్లాలో జియాలజీ మ్యాప్ గీసిన ఒకప్పటి ఫీల్డ్ మనిషి పని చంద్రయాన్‌కి అక్కరకొచ్చింది. భూమి రాళ్లు తెలియకుండా గ్రహాల రాళ్లు తెలియవు. ప్లానెటరీ సైన్స్ చేయాలనుకునే పిల్లలు ఎమ్మెస్సీ జియాలజీని పక్కన పెట్టి ఆస్ట్రోఫిజిక్స్ ఒక్కటే దారి అనుకోవడం పొరపాటు.

మహారాష్ట్రలోని లోణార్ సరస్సు ఇందుకు మంచి ఉదాహరణ. దక్కన్ బసాల్ట్‌లో ఉల్క పడి ఏర్పడిన 1.8 కిలోమీటర్ల గుంట అది. చంద్రుడి మీదా అంగారకుడి మీదా ఉన్న బసాల్ట్ గుంటల్ని అర్థం చేసుకోవడానికి దగ్గర్లో ఉన్న నమూనా. దాని వయసు 50 వేల ఏళ్లని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. 2011లో రాయిలోని ఆర్గాన్ వాయువును కొలిచే పద్ధతితో కట్టిన లెక్క దాన్ని సుమారు 5.7 లక్షల ఏళ్లకు తీసుకెళ్లింది. ఒక్క కొలత, పదిరెట్లకు పైగా తేడా. ఇలాంటి మార్పుల్లో చాలావాటి వెనక ఒక యువ పరిశోధకుడి మూడు సీజన్లు ఉంటాయి.

ఈ కాలాల పేచీని కొంత తప్పించుకునే దారి ఒకటుంది. చంద్రయాన్‌-2 ఆర్బిటర్ ఇప్పటికీ చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. దాని డేటాను ఇస్రో ఉచితంగా అందుబాటులో పెట్టింది. నాసా మిషన్ల డేటా కూడా అంతే. ఇంటర్నెట్, ఓ మోస్తరు ల్యాప్‌టాప్ ఉంటే కడపలో యోగి వేమన యూనివర్సిటీలో కూర్చున్న విద్యార్థి అయినా చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టి (ఎక్కువ గుంటలుంటే పాత నేల) నేల వయసు అంచనా వేయొచ్చు. అనుభవం ఉన్న గైడ్‌లు తమ స్కాలర్లకు రెండు అధ్యాయాలు ఇలా బయట దొరికే డేటా మీద, రెండు సొంత శాంపిళ్ల మీద పెట్టిస్తారు. మెషీన్ పాడైన ఏడాది మొదటిది కాపాడుతుంది. ఒకే ఒక్క కొలత మీద, ఒకే ఒక్క మిషన్ మీద మొత్తం థీసిస్ కట్టించే గైడ్ ఎంత పేరున్నవారైనా, చేరేముందు విద్యార్థి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇక వయసు లెక్క. డిగ్రీ 21కి, ఎమ్మెస్సీ 23కి, నెట్ ఒకటి రెండు ప్రయత్నాల్లో 24, 25కి, పీహెచ్‌డీ 30, 31కి. ఈ రంగంలో రెండు పెద్ద తలుపులకు వయోపరిమితి సాధారణ అభ్యర్థులకు 32 దగ్గరే ఉంది. ఒకటి యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. జీఎస్ఐ, కేంద్ర భూగర్భ జల బోర్డు ఉద్యోగాలు దీని ద్వారానే. రెండోది యువ పరిశోధకులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్. నెలకు 1,25,000 రూపాయలు, పరిశోధనకు ఏడాదికి 7 లక్షలు, ఐదేళ్లు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపులున్నా, ఒక సీజన్ పోయినా, మెషీన్ స్లాట్ ఎనిమిది నెలలు వెనక్కి జరిగినా ఆ దెబ్బ నేరుగా తగిలేది ఇక్కడే. అందుకే చాలామంది పీహెచ్‌డీ రెండో ఏటే జియో సైంటిస్ట్ పరీక్ష రాసి, వస్తే వెళ్లిపోతారు. 37,000 స్టైపెండ్ నుంచి 56,100 మూలవేతనంతో మొదలయ్యే గ్రూప్‌-ఏ ఉద్యోగానికి వెళ్లడాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు. ఇంట్లో తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి ఉన్నవాళ్లకు అది ధైర్యం లేని నిర్ణయం కాదు. నిజానికి తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. జీఎస్ఐ శిక్షణ సంస్థ, ఆటమిక్ మినరల్స్ డైరెక్టరేట్, గనుల సంస్థ ఎన్‌ఎండీసీ, ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్ఎస్‌సీ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, ఎన్‌జీఆర్ఐ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. పీహెచ్‌డీ వదిలినంత మాత్రాన ఈ శాస్త్రాన్ని వదిలినట్టు కాదు.

ఆడపిల్లల విషయంలో కాలం ఇంకా ఇరుకు. 2022 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్ల గరిష్ఠ గడువు పెట్టి, మహిళలకు అదనంగా రెండేళ్లు, ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఇచ్చాయి. మంచి నిబంధనే. కానీ అదనపు రెండేళ్లకు ఫెలోషిప్ దానంతటదే రాదు. ఫీల్డ్‌లో కష్టాలు అందరికీ తెలిసినవే, పైకి చెప్పేవాళ్లే తక్కువ. రోజంతా బయట పని, బాత్రూమ్ ఉండదు కాబట్టి నీళ్లు తాగడం మానేస్తారు. తోడు మనిషి లేకుండా వెళ్లొద్దంటారు, తోడు మనిషి ఖర్చు మాత్రం బడ్జెట్‌లో ఉండదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పని మీద వెళ్లే ప్రతి చోటూ, ప్రయాణంతో సహా, పనిచేసే చోటే. ఫీల్డ్ క్యాంపు కూడా అందులోకే వస్తుంది. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ 2017లో వేధింపుల్ని పరిశోధనా దుష్ప్రవర్తనగానే, అంటే డేటా కల్పించడం, ఇతరుల రాత కాపీకొట్టడంతో సమానంగా, పరిగణిస్తామని ప్రకటించింది. మన డిపార్ట్‌మెంట్లలో ఫీల్డ్‌కి బయలుదేరే ముందు సుత్తి, కంపాస్, యాసిడ్ సీసా ఉన్నాయో లేదో చూసినట్టే, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ప్రతి ఒక్కరికీ చెప్పి పంపాలి. దానికి ఖర్చేమీ లేదు.

పేపర్ల సంగతి క్లుప్తంగా. 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. రాష్ట్ర యూనివర్సిటీలకు ఇది పెద్ద ఊరట. రాసినదాన్ని డబ్బు కట్టకుండా వేసుకునే దారి, చదివేవాళ్లు చందా కట్టే పాత పద్ధతి జర్నల్స్‌లో ఇంకా ఉంది, కొత్తవాళ్లు దాన్నే నమ్ముకోవడం మేలు.

పెద్ద పథకాలు అవసరం లేని పని ఒకటి డిపార్ట్‌మెంట్ల చేతిలోనే ఉంది. దాదాపు ప్రతి జియాలజీ విభాగంలో మెట్ల కింద, కారిడార్ చివర గుడ్డ సంచుల్లో రాళ్లు ఉంటాయి. పట్టా తీసుకుని వెళ్లిపోయినవాళ్లవి. సంచి మీద ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ ఏ ఊరి పక్క ఏ గుట్టదో చెప్పే నోట్‌బుక్ వాళ్లతోనే వెళ్లిపోయి ఉంటుంది. అపోలో-17 వ్యోమగాములు 1972లో మూతవేసి తెచ్చిన ఒక నమూనాను 2022లో తెరిచారు. యాభై ఏళ్ల తర్వాత కూడా అది ఎక్కడిదో, ఎంత లోతు నుంచి తీసిందో అక్షరం పొల్లు పోకుండా రాసి ఉంది కాబట్టే అది పనికొచ్చింది. మన దగ్గర థీసిస్ సమర్పించే ముందు శాంపిళ్లూ, వాటి అక్షాంశ రేఖాంశాలూ, ఫీల్డ్ నోట్‌బుక్ కాపీ, ఎపాక్సీలో పోతపోసిన జిర్కాన్ మౌంట్లూ విభాగానికి అప్పగించి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలన్న నియమం ఒక్కటి చాలు. అప్పుడు కొత్తగా చేరిన స్కాలర్ కోర్స్ వర్క్ నడుస్తుండగానే, మొదటి నవంబర్ రాకముందే, రిజిస్టర్ తిరగేసి తనకు కావలసిన సంచి తెచ్చుకుని క్రషర్ తుడవడం మొదలుపెట్టొచ్చు. అలా చేసినవాళ్లకు ఐదు సీజన్లలో మిగిలేవి మూడు కాదు, నాలుగు.